పాఠశాల విద్యార్థికి పరిశోధన: ప్రతిభాన్వేషణ నుండి ‘ప్రయాస్’ వరకు

1963వ సంవత్సరంలో ఢిల్లీ కేంద్రపాలిత ప్రాంతంలో పదకొండవ తరగతి చదువుతున్న పదిమంది విద్యార్థులకు ఒక కొత్త ఉపకార వేతనం లభించింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. అని మనమందరం పిలిచే జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి దానిని ప్రవేశపెట్టింది. ఆ మండలి ఏర్పడినది 1961 సెప్టెంబరు 1వ తేదీన. అనగా అప్పటికి దానికి రెండేళ్ళ వయస్సు మాత్రమే. పథకానికి జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకమని పేరు. మరుసటి సంవత్సరం అది దేశంలోని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. వేతనాల సంఖ్య 10 నుండి 350కి పెరిగింది.

సంఖ్యలకంటె ముఖ్యంగా గమనింపదగినది ఎంపిక విధానం. అభ్యర్థి నాలుగు మెట్లు ఎక్కవలసి ఉండేది. విజ్ఞాన శాస్త్రంలో అభిరుచిని కొలిచే పరీక్ష ఒకటి. ఇచ్చిన శాస్త్ర విషయంపై వ్యాసం రెండవది. మౌఖిక పరీక్ష చివరిది. ఈ మూడూ మనకు తెలిసినవే. కాని వీటితోపాటు, వ్రాతపరీక్షకు వచ్చేనాటికే విద్యార్థి తాను స్వయంగా చేసిన ఒక పని గూర్చి ప్రాజెక్టు నివేదిక తయారుచేసి తేవలెను. పదహారు, పదిహేడేళ్ళ పిల్లవానిని ‘నీకేమి తెలుసు?’ అని మాత్రమే గాక, ‘నీవేమి కనుగొనదలచావు?’ అని కూడా అడిగిన పథకమిది. నెగ్గినవారికి మౌలిక విజ్ఞాన శాస్త్రాలలో డాక్టరేటు వరకు చదువుకొనేందుకు వేతనం ఇచ్చేవారు.

ఈ వ్యాసంలో మనం పరిశీలింపబోయేది ఆ నివేదిక కథ. అది ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది, మరల ఏ రూపంలో వస్తున్నది, ఈనాటి ఉన్నత పాఠశాల విద్యార్థి దానినుండి ఏమి పొందగలడు అన్నది విషయం.

పేర్ల గూర్చి ఒక మాట

హిందీ నుండి తెలుగులోనికి అనువాదాలు చేసేవారికి ఈ రంగంలోని మాటలు తరచు చిక్కులు కల్పిస్తాయి. హిందీలో ‘ఛాత్రవృత్తి’ అంటే విద్యార్థికి చదువు సాగేందుకు ఇచ్చే భృతి. దానిని మనం ‘ఉపకార వేతనం’ అంటున్నాము. ఉపకారమన్న మాటలో ఇచ్చేవాని దయ ధ్వనిస్తుంది. పుచ్చుకొనే విద్యార్థి హక్కు ధ్వనించదు. ఈ మాట నాకు ఎన్నడూ నచ్చలేదు గాని, అందరికీ అలవాటైనదానిని మార్చడం ఒకరి చేతిలో లేదు. ‘ఫెలోషిప్’ అన్న ఆంగ్లపదం వేరు. దాని మూలార్థం సహవాసం. ఒక విద్యాపీఠంలో పనిచేసేవారి నడుమ తానూ ఒకడుగా చేరడమే ఫెలోషిప్. డబ్బు తరువాతి మాట. హిందీలో దీనికి ‘అధ్యేతావృత్తి’, ‘శోధవృత్తి’ అన్న పేర్లున్నాయి.

ఇంకొక ముచ్చట. హిందీలో ‘అనుసంధాన్’ అంటే పరిశోధన. తెలుగులో అనుసంధానమంటే ఒకదానితో మరొకదానిని కలపడం. రెండు నదులను అనుసంధానం చేస్తున్నారన్న తెలుగు వార్తను హిందీవారికి చెప్పేటప్పుడు ఆ మాటను అట్లాగే వాడితే వారికి బోధపడదు. అయితే ఉన్నత పాఠశాల విద్యార్థి విషయంలో మాత్రం ఈ రెండర్థాలూ ఒకచోట కలుస్తున్నాయి. ఆ వయస్సులో పరిశోధన జరగవలెనంటే విద్యార్థిని పనిచేసే ఒక శాస్త్రజ్ఞునితోనో, కనీసం ప్రశ్నను గౌరవించే ఒక ఉపాధ్యాయునితోనో ఎవరో ఒకరు కలపవలసి ఉంటుంది. వేతనమొక్కటే ఆ పని చేయజాలదు.

1976లో వచ్చిన మార్పు

10+2+3 విద్యావిధానం అమలులోనికి రావడంతో 1976లో ప్రతిభాన్వేషణ పథకం రూపు మారింది. ‘విజ్ఞాన’ అన్న విశేషణం తొలగిపోయి అది జాతీయ ప్రతిభాన్వేషణ పథకమైంది. సాంఘిక శాస్త్రాలు, ఇంజనీరింగు, వైద్యం చదివేవారికి కూడా ద్వారాలు తెరిచారు. వేతనాలు 500 అయినవి. పది, పదకొండు, పన్నెండు తరగతుల వారికి వేర్వేరుగా పరీక్షలు జరిపారు. 1981లో మరి 50 వేతనాలను షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు ప్రత్యేకంగా చేర్చారు. 1983 నాటికి మొత్తం 750 కాగా, అందులో 70 ఈ వర్గాలవి. 1985లో మొదటి దశ పరీక్షను రాష్ట్రాలకు అప్పగించి, పదవ తరగతికి మాత్రమే పరిమితం చేశారు. ఆ పిమ్మట వేతనాల సంఖ్య వేయికి, ఇటీవలి సంవత్సరాలలో రెండువేలకు పెరిగింది. పరీక్షను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో వ్రాసే వీలు కలిగింది.

ఇవన్నీ మంచి మార్పులే. ఢిల్లీలోని పదిమందితో మొదలైనది దేశంలోని ప్రతి జిల్లాకూ చేరింది. అయితే 1976లోనే, వ్యాసమూ ప్రాజెక్టు నివేదికా ఎంపికనుండి తొలగిపోయాయి. వాటి స్థానంలో రెండు లక్ష్యాత్మక పరీక్షలు వచ్చాయి: మానసిక సామర్థ్య పరీక్ష ఒకటి, విద్యావిషయక పరీక్ష ఒకటి. నాలుగు జవాబులలో సరియైనదానిని గుర్తించడమే అభ్యర్థి పని. మౌఖిక పరీక్ష మరికొంత కాలం సాగింది.

లక్షలమంది వ్రాసే పరీక్షలో ప్రతి నివేదికనూ చదివి, అది ఆ పిల్లవాని సొంత కృషియేనా అని తేల్చడం సామాన్యమైన పని కాదు. నివేదిక ఉన్నంతకాలం ప్రయోగశాలలున్న పెద్ద నగరాల పాఠశాలలకే మేలు కలిగేదన్న వాదంలో కూడా బలమున్నది. ఆ వాదాన్ని త్రోసిపుచ్చలేము. అయినా ఒకటి చెప్పక తప్పదు. సరియైన జవాబును గుర్తించే నేర్పు, ఇంకా జవాబు లేని ప్రశ్నను పట్టుకొని నెలల తరబడి నిలిచే ఓర్పు, ఈ రెండూ ఒకే విద్యార్థిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మొదటిదానిని మాత్రమే కొలిచే పరీక్ష రెండవదానిని కనిపెట్టలేదు. పైగా పాఠశాలలు పరీక్షను చూచియే బోధనను దిద్దుకొంటాయి గనుక, నివేదిక పోవడంతో దానికై విద్యార్థి చేసే ప్రయోగం కూడా చాలాచోట్ల పోయింది.

ప్రతిభాన్వేషణ పథకానికి ప్రభుత్వ ఆమోదం 2021 మార్చి 31తో ముగిసింది. ఆ తరువాత కొత్త పరీక్షలు నిలిచిపోయాయి. 1999లో ఆరంభమై, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నిర్వహణలో పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులను ఎంపిక చేసిన కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన్ యోజన కూడా 2022లో ‘ఇన్‌స్పైర్’ పథకంలో లీనమైంది. ఈ రెండు పరీక్షల పేర్లతో ఇప్పటికీ గ్రంథాలయాలలో పాత మార్గదర్శక పుస్తకాలు కనిపిస్తాయి. అభ్యాసానికి అవి పనికివస్తాయి, దరఖాస్తుకు పనికిరావు.

హోషంగాబాదు పిల్లలు

నివేదిక అఖిల భారత పరీక్షనుండి తప్పుకొనడానికి నాలుగేళ్ళ ముందే, 1972లో, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో మరొక ప్రయత్నం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అన్న రెండు స్వచ్ఛంద సంస్థలు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో 16 మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞాన బోధనను తలక్రిందులు చేశాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థల నుండి శాస్త్రజ్ఞులు వచ్చి పల్లెటూరి ఉపాధ్యాయులతో కలిసి కూర్చుని పాఠాలు తయారుచేశారు. ‘బాల వైజ్ఞానిక్’ అన్న పేరుగల ఆ హిందీ పుస్తకాలలో జవాబులు ఉండవు. ప్రయోగం ఉంటుంది, దాని వెంట ప్రశ్నలు ఉంటాయి. పిల్లలు నలుగురేసి కూర్చుని, చూచినదానిని నోటు పుస్తకంలో వ్రాసుకొనేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకొనవచ్చును. ఎందుకనగా అందులో చూచి వ్రాయదగిన జవాబు లేదు. 1978లో ఈ కార్యక్రమం జిల్లా అంతటికీ వ్యాపించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాని భారాన్ని స్వీకరించింది.

అన్నింటిలోకీ నన్ను ఆకర్షించినది ‘సవాలీరామ్’. సవాల్ అంటే ప్రశ్న. సవాలీరామ్ ఒక కల్పిత పాత్ర. పిల్లలు ఆయన పేరిట ఉత్తరాలు వ్రాసి తమకు తోచిన ప్రశ్నలు అడిగేవారు, ఆ ఉత్తరాలకు జవాబులు వెళ్ళేవి. పాఠశాల విద్యార్థి ప్రశ్నకు ఒక చిరునామా ఉండడం చిన్న సంగతి కాదు. ముప్పైయేళ్ళు నడిచిన ఈ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపివేసింది. దానిని గూర్చిన వాదోపవాదాలలోనికి ఇక్కడ పోనక్కరలేదు.

అదే రాష్ట్రంలోని గ్వాలియరులో ఒక విజ్ఞాన కేంద్రం చేసిన ప్రయోగమే దేశవ్యాప్తమై, 1993నుండి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌గా సాగింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం దీనికి అండ. 10 నుండి 17 ఏళ్ళలోపు పిల్లలెవరైనా పాల్గొనవచ్చును. బడిలో పేరు లేనివారికి కూడా నిషేధం లేదు. ఇచ్చిన ప్రధాన విషయానికి సంబంధించి, తమ ఊరిలో, తమ వీధిలో ఉన్న ఒక సమస్యను పిల్లలు జట్టుగా తీసుకొని, కొలతలు తీసి, మార్గదర్శియైన ఉపాధ్యాయుని సహాయంతో నివేదిక వ్రాయవలెను. అమ్మకానికి దొరికే నమూనా యంత్రాలకు ఇక్కడ చోటు లేదు. నివేదిక ఏ భారతీయ భాషలోనైనా ఉండవచ్చు. జిల్లా సభలో నెగ్గినది రాష్ట్రానికి, అక్కడనుండి జాతీయ సభకు వెళుతుంది. జాతీయ సభలో మణిపురి బాలిక చెప్పినదానిని గుజరాతీ బాలుడు పటాలను చూచి అర్థం చేసుకొంటాడు. ఉష్ణోగ్రతకూ వర్షపాతానికీ గీచిన రేఖాచిత్రం ఏ లిపిలోనైనా ఒకటే.

1976లో ఎంపిక పరీక్షనుండి పోయిన నివేదికకు ఈ విధంగా మరొకచోట ఆశ్రయం దొరికింది. అయితే అక్కడ వేతనం లేదు.

ఒక కుండతో ఏడాది పని

ఉన్నత పాఠశాల స్థాయిలో పరిశోధన అనగా ఏమిటి? ఇది సిద్ధాంతంగా చెప్పేకంటె ఒక ఉదాహరణతో చూపడం మేలు. ఖర్చు లేనిదీ, ప్రతి ఇంటా ఉన్నదీ తీసుకొందాము: మంచినీళ్ళ కుండ.

వేసవిలో కుండలోని నీరు ఎందుకు చల్లబడుతుందో పాఠ్యపుస్తకంలో ఉన్నది. మట్టి గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ఊరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వలసిన ఉష్ణాన్ని లోపలి నీటినుండి తీసుకొంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సాధారణ ఉష్ణోగ్రతల వద్ద సుమారు 580 కేలరీలు కావలెను. కుండలో 10 లీటర్ల నీరు, అనగా 10,000 గ్రాములు, ఉన్నదనుకొందాము. అందులో 100 గ్రాములు ఆవిరైతే 58,000 కేలరీలు ఖర్చు. బయటి గాలినుండి ఏమీ వేడి లోనికి రాకపోతే నీటి ఉష్ణోగ్రత 6 డిగ్రీలకు కొంచెం తక్కువగా పడిపోవలెను. ఇంతవరకు పాఠం. దీనిని వల్లించినవానికి మార్కులు వస్తాయి.

పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. కొత్త కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయనీ, ఒకటి రెండు వేసవులు వాడిన కుండ ‘చల్లదనం పోతుంద’నీ ఇంట్లో పెద్దవారు అంటారు. ఇది నిజమేనా? నిజమైతే ఎంత? ఎందుకు? పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. నీటిలోని లవణాలు రంధ్రాలలో పేరుకొని వాటిని మూసివేస్తాయన్నది ఒక ఊహ. ఊహను పరీక్షించదగిన రూపంలో పెట్టడం మొదటి మెట్టు: ‘ఉప్పునీరు పోసిన కుండ, వర్షపు నీరు పోసిన కుండకంటె త్వరగా తన చల్లదనాన్ని కోల్పోతుంది.’

ఒకే కుమ్మరి వద్ద, ఒకే ఆవంలో కాలిన, ఒకే కొలత గల కుండలు ఆరు తీసుకొనవలెను. రెండింటిలో బోరు నీరు, రెండింటిలో పట్టి ఉంచిన వర్షపు నీరు. ఐదవదానికి బయటివైపు రంగు పూసి రంధ్రాలు మూయవలెను. ఆరవది ఖాళీగా ఉంచి బరువు మాత్రం చూడవలెను. వీటి ప్రక్కన ఒక స్టీలు బిందె. రంగు పూసిన కుండా, స్టీలు బిందే దేనికన్న ప్రశ్న వస్తుంది. పోల్చి చూడడానికి. అవి లేకపోతే, నీరు చల్లబడినది ఆవిరి వలననా లేక రాత్రి గాలి చల్లబడడం వలననా అన్నది తేలదు. ఒకే నీటికి రెండేసి కుండలు దేనికి? ఒకదానికి కంటికి కనిపించని పగులు ఉండవచ్చు గనుక.

రోజూ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే వేళకు ఉష్ణోగ్రత వ్రాయవలెను. కిరాణా కొట్టు త్రాసుతో ఉదయం, సాయంత్రం బరువు తూచి ఎంత నీరు పోయినదో చూడవలెను. ఇంకొక ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే, ఆనాటి గాలిలో ఎంత చల్లబడడానికి వీలున్నదో అది చెబుతుంది. కుండ ఎంత మంచిదైనా ఆ హద్దును దాటి క్రిందికి పోలేదు. అందుకే గాలిలో తేమ ఎక్కువగా ఉండే బందరులో కుండ చేయలేని పనిని పొడిగాలి వీచే అనంతపురంలో కుండ చేయగలదు. రాజస్థాన్‌లో సురాహీకి అంత గౌరవం ఉండడం కూడా ఇందువల్లనే. బందరులో ఒక పాఠశాల, అనంతపురంలో ఒక పాఠశాల, జోధ్‌పూరులో ఒక పాఠశాల ఒకే నెలలో ఒకే పద్ధతితో ఈ పని చేసి కొలతలను మార్చుకొంటే అది చక్కని ఉమ్మడి పరిశోధన అవుతుంది. దానికి కావలసినది ఒక పట్టిక, కొన్ని ఉత్తరాలు.

వేసవి చివర ఊహ తప్పని తేలవచ్చు. ఉప్పునీటి కుండకూ వర్షపునీటి కుండకూ తేడా కనిపించకపోవచ్చు. విద్యార్థులు ఎక్కువగా కంగారుపడేదీ, ఉపాధ్యాయులు కొన్నిసార్లు అంకెలను ‘సర్దేదీ’ ఇక్కడే. తేడా లేదని నిజాయితీగా చూపిన పట్టిక కూడా ఫలితమే. అంకెలను సర్దిన నివేదికను అనుభవజ్ఞుడైన పరీక్షకుడు సులభంగానే పట్టుకొంటాడు, ఎందుకంటే నిజమైన కొలతలు ఎన్నడూ అంత నున్నగా ఉండవు.

నీటితో పనిచేసే పిల్లలు మరొక దిక్కుకు పోవడం కూడా సహజం. మన నేలలో ఫ్లోరైడు సమస్య తెలియనిది కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చిన మొదటి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వెలువడింది. పటిక, సున్నం వాడి ఆ నీటిని శుద్ధిచేసే ‘నల్గొండ పద్ధతి’ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించింది. నల్గొండ పేరు ఆ విధంగా టాంజానియా వరకు వెళ్ళింది. ఒక ఊరి బాధనుండి పుట్టిన ప్రశ్న ఎంతదూరం పోగలదో ఇందువలన తెలుస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటని ఫ్లోరైడు ఉండడం మంచిదనీ, వేరే నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చవచ్చుననీ భారతీయ ప్రమాణం. తమ ఊరి బావులను పరీక్షించే పిల్లలు ఫలితాన్ని ప్రదర్శనశాలలో పెట్టడానికి ముందు ఆ బావి నీరు త్రాగేవారికీ, పంచాయతీకీ తెలుపవలసిన బాధ్యత ఉన్నది. పాఠశాలలో దొరికే పరీక్షాపెట్టె ఇచ్చే అంకె కచ్చితమైనది కాదనీ, ప్రయోగశాలలో మరల చూపించవలెననీ కూడా చెప్పవలెను.

ఇప్పుడున్న అవకాశాలు

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఒక కొత్త పథకాన్ని ప్రకటించింది. దానికి ‘ప్రయాస్’ అని పేరు. హిందీలో ఈ మాటకు ‘ప్రయత్నం’ అని అర్థం. తెలుగులో ప్రయాస అంటే శ్రమ, ఆయాసం. రెండూ సరిపోతాయి! తొమ్మిది నుండి పదకొండు తరగతులలోని ఒకరు లేక ఇద్దరు విద్యార్థులు, తమ పాఠశాలలోని ఒక విజ్ఞాన ఉపాధ్యాయుడు, సమీపంలోని ఉన్నత విద్యాసంస్థనుండి ఒక నిపుణుడు, ఈ ముగ్గురూ కలిసి ఏడాదిపాటు ఒక పరిశోధన సాగించడానికి పథకం ఉద్దేశించబడింది. ప్రకటించిన సహాయం 50,000 రూపాయలు. అందులో విద్యార్థులకు 10,000, పాఠశాలకు 20,000, నిపుణుని సంస్థకు 20,000. మొత్తం చిన్నదే. కాని పల్లెటూరి విద్యార్థికి కళాశాల ప్రయోగశాల తలుపు తట్టే అర్హతను ఇచ్చే కాగితం ఇది. ఫెలోషిప్ అన్న మాటకు గల సహవాసమనే మూలార్థం ఇక్కడ కొంత నెరవేరుతున్నది. 1963నాటి నివేదిక అరవై ఏళ్ళకు తిరిగివచ్చిందని నా భావం. ఈసారి దానితోపాటు మార్గదర్శి కూడా వచ్చాడు. ఇటువంటి పథకం కొద్దిమందికి మాత్రమే అందితే అది ఢిల్లీ పదిమంది కథే అవుతుంది.

ఇన్‌స్పైర్-మానక్ పురస్కారాలు మరొక తరహావి. ఆరవ తరగతి నుండి పిల్లలు తమకు తోచిన కొత్త ఆలోచనను పాఠశాల ద్వారా పంపవచ్చును. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారుచేసేందుకు 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో వేస్తారు. జాతీయ నవకల్పన సంస్థ దీనిని చూస్తున్నది. కొత్త పనిముట్టు కనిపెట్టాలన్న తహతహ గలవారికి ఇది తగినది. కుండల పనివంటిదానికి బాలల సైన్స్ కాంగ్రెస్, ప్రయాస్ తగినవి. ఈ భేదాన్ని గుర్తించకుండా ఒకే నివేదికను అన్నిచోట్లకూ పంపడం వ్యర్థం.

తొమ్మిదవ తరగతి వారికి ఇస్రో 2019లో ‘యువిక’ అన్న యువ శాస్త్రవేత్తల కార్యక్రమాన్ని ఆరంభించింది. వేసవి సెలవులలో సుమారు రెండు వారాలు శ్రీహరికోట, హైదరాబాదు, తిరువనంతపురం వంటి కేంద్రాలలో ఉంచి, ప్రయాణం, వసతి ఖర్చులు ఇస్రోయే భరిస్తుంది. ఇటీవలి ప్రకటనలలో గ్రామపంచాయతీ పరిధిలోని పాఠశాలలో చదివేవారికి 15 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. ఈ సంగతి తెలియక దరఖాస్తు పెట్టని పల్లెటూరి పిల్లలు ఎందరో ఉండి ఉంటారు. బాలికలకు 2019లో మొదలైన ‘విజ్ఞాన్ జ్యోతి’ ఉన్నది; జవాహర్ నవోదయ విద్యాలయాలు దానికి కేంద్రాలు.

ఒలింపియాడ్‌లు పరిశోధన కావు, పోటీలు. కాని ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రంలో వేసవిలో జరిగే శిబిరానికి ఎంపికైన విద్యార్థి అక్కడ ప్రయోగాత్మక పరీక్ష అంటే ఏమిటో మొదటిసారి చూస్తాడు. భారతదేశం అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు 1989 నుండి, భౌతికశాస్త్రానికి 1998 నుండి జట్లను పంపుతున్నది. కలకత్తాలో ఉన్న జగదీశ్ బోస్ జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ సంస్థ, ఢిల్లీ పథకంకంటె పాతది.

పన్నెండవ తరగతి పిమ్మట మౌలిక శాస్త్రాలు చదువదలచినవారికి 2008లో ప్రకటించిన ఇన్‌స్పైర్ ఉన్నత విద్యా వేతనం గలదు. ఏడాదికి 80,000 రూపాయలలో 60,000 వేతనం; తక్కిన 20,000 వేసవిలో ఒక శాస్త్రజ్ఞుని వద్ద పరిశోధన చేయడానికి ప్రత్యేకించినది. ఇంజనీరింగుకో వైద్యానికో పోవడమే చదువనుకొనే మన ఇళ్ళలో ఈ 80,000 సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పడం మంచిది.

వీటన్నింటికంటె ముందు చెప్పవలసినది ఒకటి ఉన్నది. బడి మానేసినవాడు ప్రయోగశాలకు రాలేడు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదివే, తల్లిదండ్రుల వార్షికాదాయం 3,50,000 రూపాయలు మించని విద్యార్థులకు జాతీయ ఆదాయ-ప్రతిభా ఉపకార వేతనం 2008 నుండి అమలులో ఉన్నది. తొమ్మిదినుండి పన్నెండవ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు. దేశంలో ఏటా లక్ష కొత్త వేతనాలు. నెలకు వేయి రూపాయలన్నది పట్టణవాసికి చిన్న మొత్తంగా కనిపించవచ్చు. పదవ తరగతిలోనే పిల్లను పత్తిచేనుకు పంపాలా, బడికి పంపాలా అని తూచే ఇంట్లో దాని బరువు వేరు.

దరఖాస్తుకు ముందు

ఒక విద్యార్థి సర్ సి.వి. రామన్ కథను చదివి నిరుత్సాహపడడం సహజం. విశాఖపట్నంలో బాల్య విద్య ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థిగా ఉండగానే 1906లో, పద్ధెనిమిదేళ్ళ ప్రాయంలో, ఆయన తన మొదటి పరిశోధన పత్రాన్ని లండనులోని ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో ప్రకటించారు. కాని అది ఎట్లా పుట్టిందో చూడండి. పట్టకం కోణాలను కొలిచే సాధారణ తరగతి ప్రయోగంలో కాంతి పట్టీలు రెండువైపులా సమానంగా లేకపోవడం ఆయన కంటబడింది. దానిని ‘పరికరంలో లోపం’ అని తోసివేయక, ఎందుకు అని అడిగారు. వాడినది కళాశాలలో అందరూ వాడే పరికరమే.

అందుచేత మొదట కొనవలసినది కుట్టిన ఒక నోటు పుస్తకం. విడి కాగితాలు వద్దు. ప్రతి పుటపై తేదీ, వేళ, ఆనాటి వాతావరణం ఉండవలెను. తప్పు వ్రాసినది చెరిపివేయక గీత కొట్టి ప్రక్కన సరిదిద్దవలెను. ఎవరు ఏ సహాయం చేశారో, తూచడానికి త్రాసు ఇచ్చిన కొట్టు యజమానితో సహా, పేరు పేరునా వ్రాయవలెను. మౌఖిక పరీక్షలో నిపుణులు ముందుగా అడిగేది ఈ పుస్తకాన్నే.

రుసుము చెల్లిస్తే పాఠశాల విద్యార్థి పేరిట పరిశోధన పత్రం ప్రచురింపజేస్తామన్న ప్రకటనలు ఇటీవల పెరిగాయి. ప్రయాస్, మానక్, యువిక, ఆదాయ-ప్రతిభా వేతనం, ఇవన్నీ ప్రభుత్వ వ్యయంతో నడిచేవి. ఒలింపియాడ్ ప్రవేశ పరీక్షకు మాత్రం స్వల్ప రుసుము ఉంటుంది. పదహారేళ్ళవాడు స్వయంగా వివరించలేని పత్రంపై అతని పేరు ఉండడం వలన అతనికి మేలు జరగదు.

ఈ దరఖాస్తులలో చాలావాటిని ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరించవలెను. మానక్‌కు పాఠశాలయే పేర్లు పంపవలెను. కనుక గ్రంథాలయంలో ఈ సంచిక చదివిన విద్యార్థి తన ఉపాధ్యాయునికి కూడా దీనిని చూపడం అవసరం. యువిక ప్రకటన సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో, ఒలింపియాడ్ ప్రథమ పరీక్ష నవంబరులో వస్తాయి. తేదీలు ఏటా మారుతుంటాయి గనుక ఆయా సంస్థల తాజా ప్రకటనలను చూచుకొనవలెను. కుండల పనికి మాత్రం ప్రకటన కోసం ఆగనక్కరలేదు. వర్షపు నీటిని ఆశ్వయుజంలోనే పట్టి మూత పెట్టి ఉంచుకొంటే, శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరేనాటికి మొదటి కొలత తీయవచ్చును.